పేట నుంచి – 17: ఆ సంచి ఎవరి స్వాధీనంలో ఉంది?



పోయినసారి హాస్టల్ మెస్ చార్జీల గురించి రాస్తూ, మిగతా సగం ఈ వారం రాస్తానన్నాను. అది కొంచెం ఆగుతుంది. మా పిన్ని కొడుకు కేసు గురించి నేనెందుకు నోరు విప్పడం లేదని చాలామంది ఇన్‌బాక్సులో అడుగుతున్నారు. కొందరు అభిమానంతో అడిగారు. కొందరు "మేడం, మీ ఇంట్లోనే దొరికిందంట కదా" అని అడిగారు. ఆ 'అంట' వెనక ఉన్న నవ్వు నాకు వినపడకపోలేదు. ఇప్పుడు చార్జిషీటు వేశారు, కాగితాలు మా చేతికొచ్చాయి. అందుకే రాస్తున్నాను. బెయిల్ పిటిషన్‌లో మేం కోర్టుకు చెప్పుకున్నదే ఇక్కడా ఉంటుంది. లాయర్ గారు చూశాకే పోస్టు చేస్తున్నాను. పేర్లు, ఊరు, స్టేషన్ రాయను.

జరిగింది ఇది. ఫిబ్రవరిలో ఒక రాత్రి పదిన్నర దాటాక పిన్ని ఇంటికి ఆరుగురు వచ్చారు. ఒకే గది, ముందు చిన్న వసారా. అటక మీద ఇత్తడి బిందె వెనకున్న నీలం రంగు బ్యాగు దించారు. నేల మీద బోర్లించారు. రెండు లుంగీలు, ఒక చొక్కా, గడ్డం గీసుకునే డబ్బా, డ్రైవింగ్ లైసెన్సు జిరాక్సు, అన్నిటికీ అడుగున గోధుమ రంగు టేపు చుట్టిన పొట్లం. గంజాయి.

ఆ బ్యాగు మా చిన్న మావయ్యది. లారీ క్లీనరుగా మొదలై డ్రైవరయ్యాడు. నెలకో, రెండు నెలలకో వస్తాడు. పిన్ని చేత్తో ఇంత అన్నం తిని, బట్టలు ఉతికించుకుని, సంచి అటక మీదకి విసిరేసి, మళ్ళీ లోడు తగిలితే పోతాడు. ఇరవై ఏళ్ళుగా అంతే. ఆయనకి వేరే ఇల్లు లేదు. అక్క ఇంటి అటకే ఆయన ఇల్లు.

తమ్ముడు డిగ్రీ చివరి సెమిస్టర్. ఆ రాత్రి మంచం మీద పడుకుని ఉన్నాడు. వాణ్ణి తీసుకుపోయారు.

పదకొండూ ఇరవైకి పిన్ని నాకు ఫోన్ చేసింది. వీధి చివర జీపు దగ్గరికి పరిగెత్తి ఫోన్ వాడి చెవికి పెట్టింది. నేను వాడితో అన్న మొదటి మాట: "నిజం చెప్పరా, నీదేనా?"

"అక్కా" అన్నాడు. అంతే, ఫోన్ లాక్కున్నారు.

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసి, పదేళ్ళుగా అంబేడ్కర్ జయంతి సభల్లో మైకు పట్టుకుంటున్న నేను, నా తమ్ముడితో మాట్లాడిన మొదటి వాక్యంలోనే పోలీసు భాష మాట్లాడాను. నీ స్టేషన్ ఎక్కడ, నిన్ను కొట్టారా, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు అని చెప్పాల్సింది. నీదేనా అని అడిగాను. ఇది ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే కింద వేరేవాళ్ళను తిట్టబోతున్నాను.

ఇక కాగితం ఏం చెబుతోందో చూడండి. మధ్యవర్తుల నివేదిక ప్రకారం మరుసటి ఉదయం ఆరూ పదిహేనుకి, మా ఊరి బస్ షెల్టర్ దగ్గర, అనుమానాస్పదంగా తిరుగుతూ, పోలీసులను చూసి పారిపోబోతున్న యువకుడి కుడి చేతిలో నీలం రంగు బ్యాగు. అందులో ఒక కిలో ఎనిమిది వందల గ్రాముల గంజాయి. మధ్యవర్తులు ఇద్దరూ పక్క మండలం నుంచి వచ్చిన వీఆర్వోలు.

రాత్రి పదిన్నరకి అటక మీదున్న సంచి, తెల్లారేసరికి వాడి కుడి చేతిలోకి ఎలా వచ్చింది? ఎందుకు రావాల్సి వచ్చింది? విద్యార్థులూ, ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి.

ఈ కేసులు 1985 నాటి మత్తు పదార్థాల చట్టం కింద పెడతారు. ఎన్‌డీపీఎస్ అంటాం. రాత్రిపూట ఇంట్లోకి చొరబడి సోదా చేయాలంటే ఆ చట్టం 42వ సెక్షన్ అడ్డం వస్తుంది. వారంట్ ఉండాలి. లేదంటే, వారంట్ తెచ్చేలోపు సరుకు మాయమవుతుందని తామెందుకు నమ్ముతున్నారో ముందే రాసిపెట్టాలి. ఆ రాత కాపీని 72 గంటల్లో పై అధికారికి పంపాలి. బహిరంగ స్థలంలో పట్టుకుంటే వర్తించేది 43వ సెక్షన్. దానికి ఈ రాతకోతలేవీ అక్కర్లేదు. బస్ షెల్టర్ వల్ల మొదటి లాభం అది.

రెండో లాభం ఇంకా పెద్దది. ఇంట్లో అటక మీద దొరికిందంటే, ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారు, సంచి ఎవరిది, ఎవరికి తెలుసు అనే ప్రశ్నలు వస్తాయి. కుడి చేతిలో దొరికిందంటే ఏ ప్రశ్నా రాదు. 'స్వాధీనం' అనే మాటను రుజువు చేసే శ్రమ తప్పించుకోవడానికి వాళ్ళు సంచిని తెచ్చి వాడి చేతికి తగిలించారు.

ఆ కుడి చేతికి ముందు రిమాండ్ రిపోర్టులో ఒక వాక్యం ఉంది. "జల్సాలకు అలవాటుపడి, సులువుగా డబ్బు సంపాదించాలనే దురుద్దేశంతో." మీరు ఇది ఎక్కడో చదివే ఉంటారు. రేపు పేపర్ జిల్లా ఎడిషన్ తెరవండి, మళ్ళీ చదువుతారు. బైకు దొంగతనమైనా, గంజాయైనా, సెల్‌ఫోనైనా, మా కుర్రాడు దొరికితే ఇదే వాక్యం. ప్రబంధ కవి పురవర్ణనతో మొదలుపెట్టినట్టు రైటర్ గారు జల్సాలతో మొదలుపెడతాడు. మా తమ్ముడి జల్సా ఏమిటో చెప్తాను వినండి. ఆదివారం క్యాటరింగ్‌కి పోయి వడ్డన చేస్తాడు. పోయిన దసరాకి ఆ డబ్బుతో తెల్ల బూట్లు కొనుక్కున్నాడు. బూట్లు జైలు గేటు దగ్గర విప్పించారు.

ఇంకో మాట కూడా చూడండి, 'ముద్దాయి'. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి నేరం మోపబడ్డవాడు అయ్యాడు. క్లాసులో పిల్లలకు అర్థ విపరిణామానికి ఉదాహరణగా చెబుతుంటాను, నవ్వుతారు. ఇప్పుడు చెప్పబుద్ధి కావడం లేదు.

అసలు మాటకొస్తాను. స్వాధీనం. మనం కావ్యాల్లో స్వాధీనపతిక అనే నాయికను చదువుకున్నాం, మొగుడు చెప్పుచేతల్లో ఉన్న ఇల్లాలు. స్వ అధీనం, తన అదుపు. అదుపు లేకుండా స్వాధీనం లేదు. తనకు తెలియని దాని మీద అదుపు ఎలా ఉంటుంది? చట్టం కూడా ఈ మాటే అంటోంది. 2015లో మోహన్‌లాల్ వర్సెస్ రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు, స్వాధీనం అంటే ఎరుకతో కూడిన స్వాధీనం అని వివరించింది. అంతకు ముందు 2002లో అవతార్ సింగ్ కేసు. పంజాబ్‌లో లారీలో గసగసాల పొట్టు బస్తాల మీద కూర్చుని పోతున్నవాళ్ళు. బస్తాల మీద కూర్చున్నంత మాత్రాన ఆ సరుకు వాళ్ళ స్వాధీనంలో ఉన్నట్టు కాదని వాళ్ళను వదిలేసింది. బస్తా మీద కూర్చున్నవాడికే లేని స్వాధీనం, ఆరడుగుల పైన అటక మీదున్న సంచికి కింద మంచం మీద నిద్రపోతున్నవాడికి ఎలా వస్తుంది?

దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు, కాబట్టి ఎదుటి పక్షం బలం కూడా చెప్తాను. ఈ చట్టంలో 35, 54 సెక్షన్లు ఉన్నాయి. సరుకు నీ దగ్గర దొరికితే నీకు తెలిసే ఉంటుందని కోర్టు ముందే అనుకుంటుంది, కాదని నువ్వు చూపించుకోవాలి. మామూలు నేరాల్లో లేని బరువు ఇది. కానీ 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. ముందు ప్రాసిక్యూషన్ తన పునాది వాస్తవాలు, అంటే సరుకు ఎక్కడ, ఎలా, ఎవరి దగ్గర దొరికిందన్నది, సందేహం లేకుండా నిరూపించాలి. ఆ తర్వాతే బరువు ముద్దాయి మీదకి మారుతుంది. మా పోరాటం ఆ పునాది దగ్గర. బస్ షెల్టర్ అబద్ధమైతే పునాది లేదు.

ఇప్పుడు ఒక గది ఇంట్లో స్వాధీనం అంటే ఏమిటో ఆలోచించండి. ఈ చట్టం రాసినవాళ్ళ కళ్ళ ముందున్న ఇంట్లో ఎవరి గది వాళ్ళకుంటుంది, ఎవరి బీరువా వాళ్ళకుంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో దాన్నిబట్టి సొత్తు ఎవరిదో తెలుస్తుంది. పిన్ని ఇంట్లో ఒక దండెం ఉంది. దాని మీద ఐదుగురి బట్టలు. ఒక అటక ఉంది. దాని మీద మావయ్య సంచి, మా అమ్మమ్మ పోయాక తెచ్చిపెట్టిన ఇనుప పెట్టె, పక్కింటి వాళ్ళ పెళ్ళి సామాను, క్రిస్మస్ స్టారు. పేటలో మా చుట్టరికానికి తలుపు గొళ్ళెం ఉండదు. అది మా మంచితనమని నేను మురిసిపోను. చోటు లేకపోవడం అది. ఆ చోటు లేకపోవడాన్నే వాళ్ళు నేరానికి సాక్ష్యంగా రాసుకుంటున్నారు.

మా అమ్మమ్మ పేరు మీద ఎకరం డి-ఫారం పట్టా ఉంది. ఎన్నో ఏళ్ళుగా దాన్ని వేరేవాళ్ళు దున్నుకుంటున్నారు. అసైన్డ్ భూమి చేతులు మారితే వెనక్కి ఇప్పించాలని 1977 నాటి చట్టమే ఉంది. పట్టా పట్టుకుని ఆఫీసుకు వెళ్తే అక్కడి పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? "పట్టా ఉంటే సరిపోదమ్మా, స్వాధీనంలో ఉన్నట్టు చూపించాలి." ప్రభుత్వం ముద్ర వేసిన కాగితం చేతిలో ఉన్నా ఎకరం నేల మా స్వాధీనంలో లేదు. ఎవరూ మా పేరు రాయని సంచి మాత్రం ఒక్క రాత్రిలో మా స్వాధీనంలోకి వచ్చింది.

స్టేషన్‌లో ఆ రెండు రోజులు ఏం జరిగిందో తమ్ముడు ఇప్పటికీ పూర్తిగా చెప్పడు. చెప్పిన ముక్క ఇది. "మీ మావ గంజాయి వ్యాపారం చేస్తాడని రాసివ్వు, నువ్వు సాక్షివి. లేకపోతే నువ్వే ఎ-1." పిన్నిని పిలిచి ఇంకోటి చెప్పారు. "ఇల్లు నీ పేరు మీదే కదా, 25వ సెక్షన్ కింద నిన్ను కూడా పెడతాం." ఆ సెక్షన్ నిజంగానే ఉంది. ఇంటి యజమాని 'తెలిసి' తన ఇంటిని ఈ నేరానికి వాడనిస్తే శిక్ష. 'తెలిసి' అన్న మాట పిన్నికి ఎవరూ చదివి వినిపించలేదు.

పిన్ని వాళ్ళతో అన్నది నాకు పక్కింటి వదిన చెప్పింది. "సంచి మా తమ్ముడిదే. అందులోకి ఆ పొట్లం ఎవరేశారో నేను చూళ్ళేదు. చూడందాన్ని చూశానని నేనెలా చెప్తానయ్యా?"

మూడో తరగతి దాకా చదివిన మా పిన్ని, ఎరుకతో కూడిన స్వాధీనాన్ని సుప్రీంకోర్టు కంటే తక్కువ మాటల్లో చెప్పింది. లారీ డ్రైవర్ సంచి అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు తెలుసు. "అన్నా, ఈ పొట్లం ఫలానా డాబాలో ఇచ్చెయ్" అనేవాళ్ళు దారిపొడుగునా ఉంటారు. మావయ్య తెలిసి తెచ్చాడా, డబ్బుకు తెచ్చాడా, మోసపోయాడా, నాకు తెలియదు. ఆయన ఫోన్ ఆ రాత్రి నుంచి స్విచాఫ్. చార్జిషీటులో ఎ-2, పరారీలో. తెచ్చాడని తేలితే చట్టం ఆయన్ని అడగాలి. కానీ మా ఇంట్లో ఒకణ్ణి విడిపించుకోవడానికి ఇంకొకణ్ణి మేమే పట్టి ఇవ్వాలన్న బేరానికి మేం ఒప్పుకోం.

ఈ మాట అన్నందుకే మనవాళ్ళతో గొడవ వచ్చింది. ఒక సంఘం మిత్రుడు, నాకంటే పెద్దవాడు, "అమ్మా, మీ మావయ్య మీదకి తోసెయ్యండి, కుర్రాడి భవిష్యత్తు ముఖ్యం" అన్నాడు. మరొకాయన ప్రెస్‌నోట్ రాసి తెచ్చాడు, "చదువులో చురుకైన, ఏ చెడు అలవాట్లూ లేని అమాయక దళిత విద్యార్థి" అని. నేను ఆ నోట్ ఆపించాను. మావాడు చురుకైనవాడేం కాదు. రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్నాయి. ఎప్పుడైనా సిగరెట్ తాగుతాడేమో కూడా. రేపు కోర్టులో వాడి జేబులో సిగరెట్ పెట్టె చూపిస్తే మీ ప్రెస్‌నోట్ ఏమవుతుంది? బ్యాక్‌లాగులున్నవాడికి చట్టం వర్తించదా? మనం మంచివాళ్ళమని నిరూపించుకుంటేనే మనకు న్యాయం అన్న షరతు ఎవడు పెట్టాడు? పైకులాల ఇంట్లో పిల్లాడు దొరికితే 'డ్రగ్స్ బాధితుడు' అవుతాడు, కౌన్సెలింగ్‌కి పోతాడు. ఆ దారి మావాడికీ ఉండాలి, వాడు తాగినా సరే.

మా స్టాఫ్‌రూమ్‌లో ఒక అభ్యుదయవాది, "గంజాయి విషయంలో మాత్రం రాజీ పడకూడదు మేడం" అన్నాడు. ఎవరు రాజీ పడమన్నారు సార్? గంజాయి మీ అపార్ట్‌మెంట్‌కి రాకముందే మా పేటలోకి వచ్చింది. ఇంటర్ పిల్లలు చెరువు గట్టు మీద ఎలా అయిపోతున్నారో మీకంటే నాకు తెలుసు. వాళ్ళ అమ్మలు నా దగ్గరకొచ్చి ఏడుస్తారు. దాని మీద కోపం ఉంది కాబట్టే అడుగుతున్నాను: ఏజెన్సీలో గిరిజన రైతు దొరుకుతాడు, మధ్యలో డ్రైవర్ దొరుకుతాడు, చివర మా తమ్ముడు దొరుకుతాడు. పెట్టుబడి పెట్టినవాడి కుడి చేయి ఏ బస్ షెల్టర్‌లోనూ కనపడదేం?

అనుమానం మా వైపు ఎందుకు ఇంత సులువుగా వంగుతుంది? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది, సాక్ష్యాల్లో సందేహాలున్నాయని. ఎనిమిది శవాల ముందు కూడా సందేహాన్ని అంత ఓపిగ్గా వెతికిన వ్యవస్థ ఇది. నేను అడిగేది అందులో ఒక చిటికెడు ఓపిక. దేశం జైళ్ళలో ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. 2011 జనాభా లెక్కల్లో నూటికి 16.6 మందిమి ఉన్న మేం, ఆ ఖైదీల్లో సుమారు ఐదుగురికి ఒకరం.

ఇక పనికొచ్చే మాటలు. ఇవి మేం తప్పులు చేసి నేర్చుకున్నవి.

మొదటి వారమంతా మేం నాయకుల గుమ్మాల చుట్టూ తిరిగాం. బస్ షెల్టర్ ఎదురుగా పెట్రోల్ బంకు ఉంది, దానికి కెమెరా ఉంది. ఆ తెల్లవారుజామున అక్కడ ఎవరూ ఎవరినీ పట్టుకోలేదని ఆ కెమెరా చెప్పేది. లాయర్ గారు పిటిషన్ వేసేసరికి పాత ఫుటేజీ మీద కొత్తది ఎక్కిపోయింది. మీకిలాంటిది జరిగితే ఎమ్మెల్యే దగ్గరికి తర్వాత పోదురు, ముందు కెమెరా దగ్గరికి పోండి. ఫుటేజీ భద్రపరచమని ఆ రోజే రాతపూర్వకంగా అడగండి, కోర్టులోనూ అడగండి.

మాకు మిగిలింది వేరే. పేట కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులో రాత్రి 10:41కి ఒకడు వాయిస్ మెసేజ్ పెట్టాడు, "పిన్నోళ్ళింటికి పోలీసులొచ్చార్రా" అని. వెనక పిన్ని గొంతు వినపడుతుంది. ఆ ఫోన్ మార్చొద్దని, మెసేజ్ డిలీట్ చేయొద్దని వాడికి చెప్పాం. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేస్తేనే అది కోర్టులో నిలబడుతుంది, స్క్రీన్‌షాట్ చాలదు. పదకొండూ ఇరవైకి పిన్ని నాకు చేసిన కాల్ రికార్డు కూడా అడుగుతున్నాం.

సోదా వీడియో అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షన్ ప్రకారం సోదా, సరుకు స్వాధీనం, జాబితా రాయడం, సాక్షుల సంతకాలు, అన్నీ వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కి పంపాలి. మాకిచ్చిన వీడియో నాలుగు నిమిషాలు. అందులో తూకం మాత్రమే ఉంది. చేయీ లేదు, బస్ షెల్టరూ లేదు.

తూకం దగ్గర కూడా ఆగండి. చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాత ఉన్న కొనలు. ఆ కొనలు లేకుండా ఉత్త ఆకులూ, గింజలూ అయితే లెక్కలోకి రావు. కిలో లోపు చిన్న పరిమాణం, ఏడాది వరకు శిక్ష. కిలో దాటితే పదేళ్ళ వరకు. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అక్కడ బెయిలే దాదాపు మూసుకుపోతుంది. మావాడి పొట్లాన్ని టేపుతో, కాడలతో కలిపి తూచారు. కాడలు తీసేస్తే ఎంతో ఎవరూ చూడలేదు. 52ఎ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఎదుట శాంపిల్ తీశారా, ఎప్పుడు తీశారు అనేది క్రాస్‌లో అడుగుతాం.

నలభై ఒక్క రోజులకి బెయిల్ వచ్చింది. ఈలోగా సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. జామీనుదారుల కోసం పడ్డ పాట్లు వేరే భాగం రాస్తాను. ఇంటిపన్ను రసీదు ఎవరి పేరు మీదుందో వెతుక్కుంటూ పేటంతా తిరిగాం, అక్కడా మళ్ళీ ఇదే స్వాధీనం గొడవ.

చివరగా ఒకటి. చార్జిషీటులోని సొత్తు జాబితాలో రెండే వస్తువులున్నాయి, పొట్లం, ఖాళీ నీలం బ్యాగు. లుంగీలు లేవు. చొక్కా లేదు. లైసెన్సు జిరాక్సు లేదు. ఆ సంచి ఫలానా మనిషిదని చెప్పగలిగినవన్నీ మాయమయ్యాయి. కానీ ఆ రాత్రి సంచి బోర్లించినప్పుడు గడ్డం గీసుకునే డబ్బా మంచం కిందకి దొర్లింది. మూడో రోజు ఊడుస్తుంటే పిన్నికి దొరికింది. గుడ్డలో చుట్టి దాచింది. దాని మూత మీద మావయ్య లారీ నంబరు మేకుతో గీసి ఉంది. డ్రైవర్లు అలాగే గీసుకుంటారు, డాబాల దగ్గర మారిపోకుండా.

వచ్చే వాయిదాకి దాన్ని కోర్టులో పెడుతున్నాం.

జై భీమ్.